మామిడితోట బండికి ఫ్రంట్ సస్పెన్షన్: టై రాడ్ దగ్గర పోయిన మూడు వారాలు

నూజివీడు దగ్గర మా బాబాయి తోటలో, మా షాపులో కట్టిన చిన్న కరెంటు బండిని మొదటిసారి నడిపిన రోజు. స్టీరింగ్ బాబాయి చేతిలో ఉంది, పక్కన నేను కూర్చున్నాను. గంటకు 12 కిలోమీటర్లు కూడా దాటలేదు. రెండో వరస చెట్ల దగ్గర నీటి బోదె ఒకటి దారికి అడ్డంగా వెళ్తుంది, నాలుగు వేళ్ళ లోతు ఉంటుందంతే. ఎడమ ముందు చక్రం అందులోకి దిగగానే బండి ఎడమకి లాగింది. చక్రం అవతలి గట్టు ఎక్కుతుంటే కుడికి కొట్టింది. మామిడి చెట్టు పాదులోకి వెళ్ళబోయి ఆగాం.

"ఏరా, నేను తిప్పకుండానే తిరుగుతోందేంటిది?" అన్నాడు బాబాయి.

నాకు చెమటలు పట్టాయి. మోకాళ్ళ నొప్పులున్న 68 ఏళ్ళ మనిషి రోజూ ఒంటరిగా నడపాల్సిన బండి అది. ఆ రోజే తాళం తీసి జేబులో వేసుకున్నాను. ఆ తర్వాత మూడు వారాలు ఏం చేశామో, లెక్క ఎక్కడ తప్పిందో, ఎలా సరిచేశామో వివరంగా రాస్తున్నాను. ఇంట్లోనో షెడ్డులోనో చిన్న బండి కట్టుకునేవాళ్ళు ముందు భాగంలో ఎక్కువగా ఆలోచించేది స్ప్రింగ్ గురించే. టై రాడ్‌ని, అంటే స్టీరింగ్ తిప్పితే చక్రాన్ని తిప్పే కడ్డీని, ఆఖర్న, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ బిగిస్తారు. నేనూ అదే చేశాను. చక్రాన్ని బండికి పట్టి ఉంచే పై ఆర్మ్, కింది ఆర్మ్, వాటితోపాటు టై రాడ్, మూడింటినీ ఒకే కాగితం మీద, ఒకేసారి గీయాలి.

బండి, దాని బరువు

మాది విజయవాడ ఆటోనగర్‌లో లేత్, ఫ్యాబ్రికేషన్ షాపు. బాబాయి అడిగింది పన్నెండెకరాల తోట చుట్టూ తిరగడానికి ఇద్దరు కూర్చునే కరెంటు బండి. వెనక ఇ-రిక్షా డిఫరెన్షియల్ యాక్సిల్, దానికే మోటారు, 48 వోల్టుల లిథియం బ్యాటరీ. వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 1700 మి.మీ., ముందు ట్రాక్ (ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం) 1250 మి.మీ. వేగం 30 కిలోమీటర్లకి కంట్రోలర్‌లోనే కట్టేశాం. ఇది రోడ్డెక్కే బండి కాదు. సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్, 1989లోని 126వ రూలు ప్రకారం తయారయ్యే వాహనం నమూనాకి పుణెలోని ఏఆర్ఏఐ లాంటి వాహన పరీక్షా సంస్థల దగ్గర పరీక్ష, ఆమోదం (టైప్ అప్రూవల్) కావాలి. షెడ్డులో కట్టిన ఒక్క బండికి అది అయ్యే పని కాదు. తోట గేటు లోపలే తిరగాలని ముందే అనుకుని మొదలుపెట్టాం.

గీత గీయకముందు బరువు తెలియాలి. నాలుగు చక్రాల కింద నాలుగు బాత్‌రూమ్ వెయింగ్ మెషిన్లు పెట్టి, ఇద్దరు మనుషుల్ని కూర్చోబెట్టి చూశాం. మొత్తం 400 కిలోలు, అందులో ముందు రెండు చక్రాల మీద 180. అంటే ఒక్కో చక్రం మీద 90. దాంట్లో టైరు, రిమ్ము, డ్రమ్ము, నకిల్ (చక్రం హబ్బుని పట్టి ఉంచే లోహపు ముక్క) కలిపి 14 కిలోలు స్ప్రింగ్ కిందివి. స్ప్రింగ్ మోయాల్సింది మిగతా 76. ఈ 76 అనే అంకె మీదే తర్వాతి లెక్కలన్నీ నడిచాయి.

ముందు చక్రాలకి మారుతి 800 నకిల్, హబ్బు తీసుకున్నాం. బేరింగులు, బాల్ జాయింట్లు (ఆర్మ్ చివర ఎటైనా తిరిగే కీళ్ళు) ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి. లోటస్ సెవెన్ అనే చిన్న బ్రిటిష్ స్పోర్ట్స్ కారుకి కూడా వేరే కంపెనీ కార్ల నకిళ్ళే తీసుకుని ఆర్ములు మాత్రం సొంతంగా చేసుకున్నారు. చిన్న బండి కట్టేవాడికి అది ఎప్పుడూ మంచి దారే. కాకపోతే మారుతి 800లో ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగూ షాకూ కలిసిన నిలువు కాలు లాంటిది) ఉంటుంది. స్ట్రట్ నిలబడటానికి ఎత్తు కావాలి, మా బండి ముక్కు పల్లంగా ఉంది. అందుకని స్ట్రట్ బిగించే రెండు చెవుల దగ్గర 12 మి.మీ. ప్లేటుతో అడాప్టర్ చేసి, దానికి పై బాల్ జాయింట్ పెట్టి, పైన ఒక ఆర్మ్, కింద ఒక ఆర్మ్ ఉండే డబుల్ విష్‌బోన్‌గా మార్చాం.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. అది ముందు చక్రాలు లాగే కారు నకిల్. అందులో బేరింగ్‌నీ హబ్బునీ పట్టి ఉంచేది డ్రైవ్ షాఫ్ట్ చివరి నట్టు. మన బండికి ముందు డ్రైవ్ షాఫ్ట్ ఉండదు కదా అని ఆ రంధ్రం ఖాళీగా వదిలేస్తే, కొన్నాళ్ళకి హబ్బు బేరింగులోంచి జారి చక్రం ఊడొచ్చే ప్రమాదం ఉంది. పాత డ్రైవ్ షాఫ్టుల చివరి జాయింట్ల నుంచి స్టబ్ ముక్కలు కోసి, లేత్ మీద ముఖం సాపు చేసి, నట్టు పూర్తి టార్క్‌తో బిగించి, అంచు గాడిలోకి మడిచాం. ఇంకొకటి, నకిల్ మీద వెల్డింగ్ చేయకూడదు. ఆ లోహానికి అతుకు పక్కనే పగులు వస్తుంది. ఏం తగిలించాలన్నా బోల్టుతోనే తగిలించాలి.

స్ప్రింగ్ లెక్క, అందులో మొదటి తప్పు

కింది ఆర్మ్ పొడవు 330 మి.మీ., పైది 230. బండి మామూలు ఎత్తులో నిలబడ్డప్పుడు రెండూ నేలకి సమాంతరంగా ఉంటాయి. రెండు బాల్ జాయింట్ల మధ్య ఎత్తు 180. పై ఆర్మ్ పొట్టిగా ఉండటం వల్ల చక్రం 50 మి.మీ. పైకి లేస్తే దాని తల అర డిగ్రీ లోపలికి వాలుతుంది. ఈ వేగానికి అది చాలు. రేసు కారులా ఈ వాలు (క్యాంబర్) కోసం ఇంకా పాకులాడలేదు. క్యాస్టర్ (స్టీరింగ్ తిప్పితే చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలడం) 5 డిగ్రీలు పెట్టాం, తిప్పి వదిలితే స్టీరింగ్ తనంతట తాను మధ్యకి రావాలని.

స్ప్రింగ్ ఎంత గట్టిగా ఉండాలో తేల్చడానికి నేను వాడేది చిన్న లెక్క. బరువు పడ్డాక చక్రం దగ్గర స్ప్రింగ్ ఎన్ని మిల్లీమీటర్లు కుంగుతుందో దాని వర్గమూలంతో 15.8ని భాగిస్తే, బండి సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో వస్తుంది. సెకనుకి ఒకటిన్నర సార్లు చాలనుకున్నాను. దానికి 110 మి.మీ. కుంగాలి. 76 కిలోలని 110తో భాగిస్తే చక్రం దగ్గర మిల్లీమీటరుకి 0.69 కిలోలు.

కానీ స్ప్రింగ్ ఉండేది చక్రం దగ్గర కాదు, ఆర్మ్ మీద 68 శాతం దూరంలో, 28 డిగ్రీలు వాలుగా. అందుకని చక్రం 10 మి.మీ. లేస్తే షాక్ అబ్జార్బర్ 6 మి.మీ. నొక్కుకుంటుంది. నిష్పత్తి 0.6. నేను 0.69ని 0.6తో ఒక్కసారే భాగించి, 1.15 వచ్చిందని అలాంటి మెత్తటి స్ప్రింగులు తెచ్చాను. స్టాండ్ల మీంచి దించగానే బండి ముందు భాగం పూర్తిగా కూలబడి రబ్బరు స్టాపర్ల మీద కూర్చుంది. రెండుసార్లు భాగించాలి. స్ప్రింగ్ మీద పడే బరువూ మారుతుంది, అది నొక్కుకునే దూరమూ మారుతుంది, కాబట్టి 0.6 రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. 0.69ని 0.36తో భాగిస్తే 1.92 కిలోలు. నా మెత్తటి స్ప్రింగు చక్రం దగ్గర 0.41 మాత్రమే ఇచ్చింది. దానికి 76 కిలోలు పెడితే 184 మి.మీ. కుంగాలి, మా షాక్‌కి అంత ప్రయాణమే లేదు.

రెండోసారి కొనేటప్పుడు అంకె అడగలేదు, కొలిచాను. బైక్ వెనక షాక్‌లు నాలుగైదు రకాలు తెచ్చి, స్ప్రింగులు విప్పి, డ్రిల్లింగ్ మెషిన్ టేబుల్ మీద వెయింగ్ మెషిన్ పెట్టి, దాని మీద స్ప్రింగు నిలబెట్టి, స్పిండిల్‌తో మెల్లగా నొక్కాం. 20 మి.మీ. నొక్కితే 42 కిలోలు, 40 నొక్కితే 84 చూపించిన జత ఒకటి దొరికింది. మిల్లీమీటరుకి 2.1. చక్రం దగ్గర 0.75 అవుతుంది, బండి సెకనుకి 1.57 సార్లు ఊగుతుంది. స్ప్రింగుని ముందే 20 మి.మీ. నొక్కి (ప్రీలోడ్) బిగించాక ఇంకా పైకి 73, కిందికి 68 మి.మీ. చక్రం ఆడటానికి మిగిలింది. తోట దారికి ఇది బాగా సరిపోయింది. ఈ విషయంలో ఆ తర్వాత మళ్ళీ చెయ్యి పెట్టే అవసరం రాలేదు.

ఆర్ముల పైపు సంగతి కూడా చెప్పాలి. గుంతలో పడ్డప్పుడు చక్రం మీద మామూలు బరువుకి మూడింతలు, అంటే 270 కిలోలు పడుతుందని పెట్టుకున్నాను. షాక్ ఆర్మ్ మధ్యలో తగులుతుంది కాబట్టి ఆ చోట కింది ఆర్మ్ వంగాలని చూస్తుంది. ఒక అంగుళం, 2 మి.మీ. మందం పైపులు రెండైతే చదరపు మి.మీ.కి 175 న్యూటన్లు పడుతోంది. మామూలు మైల్డ్ స్టీల్ 240, 250 దగ్గర లొంగిపోతుంది. మధ్యలో ఉన్న ఆ కాస్త తేడా మీద మనిషిని కూర్చోబెట్టడం నాకిష్టం లేదు. ఒకటింపావు అంగుళం పైపుకి మారితే 107కి దిగింది. బరువు పెరిగింది చాలా కొంచెమే. పై ఆర్మ్ మీద షాక్ లేదు కాబట్టి అది అంగుళం పైపుతోనే ఉంది.

కొలిచిన రోజు

తోటలో జరిగింది చెబితే ఆటోనగర్‌లో తలా ఒక సలహా ఇచ్చారు. అలైన్‌మెంట్ చేయించమని ఒకరు, ర్యాక్‌లో (స్టీరింగ్ తిప్పితే టై రాడ్లని పక్కకి జరిపే పళ్ళ కడ్డీలో) ఆడకం ఉంది బిగించమని ఇంకొకరు, కుదుపు తగ్గించే స్టీరింగ్ డ్యాంపర్ పెట్టమని మరొకరు. అలైన్‌మెంట్ బండి కదలకుండా నిలబడ్డప్పుడు చూసేది. మాకు తేడా వస్తున్నది చక్రం పైకీ కిందికీ కదిలినప్పుడు. కాబట్టి చక్రాన్ని కదిలించి కొలవాలి.

బండిని మామూలు ఎత్తులో స్టాండ్ల మీద నిలబెట్టాం. షాక్‌లు రెండూ విప్పేశాం, స్ప్రింగు ఉంటే చక్రం స్వేచ్ఛగా కదలదు. స్టీరింగ్‌ని మధ్యలో పెట్టి, ర్యాక్‌ని క్లాంప్‌తో బిగించాం. చక్రం తీసేసి హబ్బుకి వంకర లేని అల్యూమినియం పట్టీని నేలకి సమాంతరంగా బోల్టు చేశాం, దాని మీద 500 మి.మీ. దూరంలో రెండు గుర్తులు. పక్కన నేల మీద కదలకుండా ఒక ప్లైవుడ్ పలక నిలబెట్టాం. బాల్ జాయింట్ కింద జాకీ. మా వెల్డర్ జాకీ 10 మి.మీ. ఎత్తినప్పుడల్లా నేను ముందు గుర్తు దగ్గరా వెనక గుర్తు దగ్గరా పలకకి దూరం కొలిచి సుద్దతో నేల మీద రాశాను. రెండు దూరాల తేడాయే చక్రం తిరిగినంత.

చక్రం 50 మి.మీ. పైకి లేచేసరికి తేడా 19 మి.మీ., టో ఇన్ (చక్రం ముందు అంచు లోపలికి తిరగడం). అంటే రెండు డిగ్రీల పైమాటే. మళ్ళీ మధ్యకి దించి, అక్కడి నుంచి 50 మి.మీ. కిందికి వదిలితే 28 మి.మీ., ఈసారి టో అవుట్ (ముందు అంచు బయటికి). మూడు డిగ్రీలు దాటింది.

"అన్నా, స్టీరింగ్ ముట్టుకోకుండానే ఇంత తిరిగిందా?" అని మా వెల్డర్ క్లాంప్ ఊడిందేమోనని వెళ్ళి చూసొచ్చాడు. క్లాంప్ గట్టిగానే ఉంది.

తోటలో జరిగింది కళ్ళ ముందు కనిపించింది. ఎడమ చక్రం బోదెలోకి దిగినప్పుడు టో అవుట్ అయింది, అంటే ఎడమకి చూసింది. గట్టు ఎక్కినప్పుడు టో ఇన్ అయింది, కుడికి చూసింది. బాబాయి చేతుల్లో ఏ తప్పూ లేదు.

అంకెలు ఏం చెప్పాయి

పొట్టి తాడుతో కట్టిన ఎద్దు చిన్న గుండ్రం తిరుగుతుంది, పొడుగు తాడుతో కట్టింది పెద్ద గుండ్రం. ఆర్మ్, టై రాడ్ కూడా అంతే. రెండింటికీ లోపలి చివర బండికి కట్టి ఉంటుంది, బయటి చివర గుండ్రంగా కదులుతుంది. ఆ రెండు గుండ్రాలూ కలిసి నడిస్తే చక్రం నేరుగా లేస్తుంది. కలవకపోతే టై రాడ్ స్టీరింగ్ చెయ్యిని (నకిల్ నుంచి వెనక్కి పొడుచుకొచ్చి టై రాడ్‌ని పట్టుకునే భాగాన్ని) నెట్టనైనా నెడుతుంది, లాగనైనా లాగుతుంది.

తప్పు రెండు రకాలుగా ఉంటుంది, రెండింటి ముద్రలూ వేరు. టై రాడ్ ఆర్మ్‌కి సమాంతరంగా లేకపోతే, అంటే ర్యాక్ ఎత్తు తప్పైతే, చక్రం పైకి వెళ్ళినప్పుడు ఒకవైపు, కిందికి వెళ్ళినప్పుడు దానికి ఎదురువైపు తిరుగుతుంది. టై రాడ్ పొడవు తప్పైతే పైకి వెళ్ళినా కిందికి వెళ్ళినా ఒకేవైపు తిరుగుతుంది. మా అంకెల్లో 19 ఒకవైపు, 28 ఎదురువైపు. ఎదురెదురుగా ఉన్నాయి కాబట్టి పెద్ద తప్పు ఎత్తుది. రెండూ సమానంగా లేవు కాబట్టి పొడవు తప్పు కూడా దాని వెనక దాక్కుని ఉంది.

ఎత్తు తప్పు ఎక్కడిదో నాకు వెంటనే తెలిసింది. ర్యాక్ బిగించేటప్పుడు ఛాసిస్ కింది క్రాస్ పైపు అడ్డొచ్చింది. 25 మి.మీ. ప్యాకింగ్ ముక్కలు పెట్టి ర్యాక్‌ని పైకి లేపి బిగించాను. పెట్టినప్పుడు అదొక చిన్న సర్దుబాటు అనుకున్నాను. లోపలి చివర లేచింది, బయటి చివర కింది బాల్ జాయింట్ ఎత్తులోనే ఉండిపోయింది, టై రాడ్ అయిదు డిగ్రీలు వాలింది.

పొడవు తప్పు ర్యాక్‌తోనే వచ్చింది. పాత సామాన్ల షాపులో తీసుకున్న చిన్న కారు ర్యాక్ అది. దాని లోపలి జాయింట్ల మధ్య దూరం 534 మి.మీ., మా కింది ఆర్ముల లోపలి బుష్‌ల మధ్య దూరం 480. స్టీరింగ్ చెయ్యి చివర కూడా, మలుపులో రెండు చక్రాలూ సరైన కోణాల్లో తిరగడం (అకెర్మన్) కోసం, 33 మి.మీ. లోపలికి వాలి ఉంది. రెండూ కలిసి టై రాడ్ 270 దగ్గర ఆగిపోయింది. కింది ఆర్మ్ 330.

ప్యాకింగ్ తీసేసి, క్రాస్ పైపు కోసి ర్యాక్‌ని 25 దించితే? లెక్క వేశాను. 50 మి.మీ.కి ఇంకా అర డిగ్రీ మిగులుతుంది, రెండువైపులా టో అవుట్. చాలామంది ఇక్కడితో సరిపెట్టుకుంటారు, 30 కిలోమీటర్ల బండికి బహుశా సరిపోతుంది కూడా. నాకు మనసొప్పలేదు. ఆ చెట్టు పాదు ఇంకా కళ్ళ ముందే ఉంది.

రెండు రోజులు ప్లైవుడ్ మీద అసలు సైజులో గీసి, అట్టముక్కలతో ఆర్ములు కోసి, గుండుసూదులు గుచ్చి కదిలించి చూశాను. మూడో రోజు పొద్దున తట్టింది. కింది ఆర్మ్ 330, పైది 230. మా టై రాడ్ 270, ఆ రెండింటికీ మధ్యలో ఉంది. కింది ఆర్మ్ ఎత్తులో టై రాడ్ ఉంటే దానికి 330 కావాలి, పై ఆర్మ్ ఎత్తులో ఉంటే 230. మధ్యలో ఎక్కడో ఒక ఎత్తులో 270 సరిగ్గా సరిపోవాలి. ర్యాక్ మార్చక్కర్లేదు, దాని చోటు మారిస్తే చాలు. సమాంతర ఆర్ములకి ఆ ఎత్తు తేల్చడం కష్టం కాదు. పొడవులని తలకిందులు చేసి, అంటే ఒకటిని ఆ పొడవుతో భాగించి, వాటి మధ్య 270 ఎక్కడ పడుతుందో చూడాలి. మాకు 51 శాతం దగ్గర పడింది. 180 మి.మీ.లో 51 శాతం, కింది బాల్ జాయింట్ మీద 92 మి.మీ.

అంటే ర్యాక్‌ని దించడం కాదు, ఇప్పుడున్న చోటు నుంచి ఇంకో 67 మి.మీ. పైకి లేపాలి, దాంతోపాటు టై రాడ్ బయటి చివరని కూడా అదే ఎత్తుకి లేపాలి. ఒక్క ర్యాక్‌ని మాత్రమే లేపితే ముందుకంటే ఘోరంగా ఉంటుంది. నకిల్‌కి పుట్టుకతో వచ్చిన స్టీరింగ్ చెయ్యిని వాడకుండా వదిలేసి, మా అడాప్టర్ ప్లేటు నుంచే వెనక్కి కొత్త చెయ్యి దించాం. మళ్ళీ 12 మి.మీ. ప్లేటే, పక్కన గసెట్‌తో (బలానికి వేసే మూల పలకతో). చక్రం తిరిగే ఇరుసు నుంచి వెనక్కి పాత చెయ్యిలాగే 100 మి.మీ., లోపలికి అదే 33. ఈ చెయ్యి మీద బండి ప్రాణం ఆధారపడి ఉంటుంది కాబట్టి స్ట్రట్ చెవుల రంధ్రాలకి రీమర్ కొట్టి, ఏమాత్రం ఆడకం లేకుండా 10.9 గ్రేడ్ బోల్టులు దిగేలా చేశాం. టై రాడ్ చివర బోల్టుకి రెండువైపులా పట్టు ఉండేలా చెయ్యిని చీలికగా చేశాం. లేచిన ర్యాక్‌కి చోటివ్వడానికి పెడల్ బాక్స్ 30 మి.మీ. వెనక్కి జరిగింది. బాబాయి పొట్టి మనిషి, ఆయనకి అదే హాయిగా ఉంది.

మళ్ళీ అదే ప్లైవుడ్ పలక, అదే జాకీ, అదే సుద్ద. 50 పైకి, 50 కిందికి. ఎటు చూసినా 500 మి.మీ. దూరానికి తేడా ఒక మిల్లీమీటరు దాటలేదు. అది కూడా జాయింట్లలో ఉండే సహజమైన ఆడకమే, చేత్తో పట్టీని కదిపితే అంతే వస్తోంది. పెయింట్ వేయకముందే ఈ పని చేసి ఉంటే రెండు స్టీరింగ్ చేతుల పనీ రెండు వారాలూ మిగిలేవి. ఇప్పుడు మా షాపులో ఏ బండి ముందు భాగం కట్టినా ఆర్ములకి టాకాలు కొట్టగానే, పూర్తి వెల్డింగ్‌కి ముందే, స్ప్రింగ్ లేకుండా ఈ కొలత తీస్తున్నాం.

మళ్ళీ బోదె దగ్గర

సంక్రాంతికి రెండు రోజుల ముందు బండి తోటకి వెళ్ళింది. ముందు నేనొక్కడినే అదే బోదె మీద ఎడమ చక్రంతో, కుడి చక్రంతో, రెండింటితో, 10 దగ్గరా 20 దగ్గరా దాటించాను. ఒకసారి స్టీరింగ్‌ని రెండు వేళ్ళతో మాత్రమే పట్టుకుని దాటాను. చక్రం దిగింది, లేచింది, బండి నేరుగా పోయింది. ఆ తర్వాతే తాళం బాబాయికిచ్చాను. ఆయన మూడు వరసలు చుట్టి వచ్చి దిగుతూ, "ఇప్పుడు ఎటు పొమ్మంటే అటు పోతోందిరా" అన్నాడు.

రెండు నెలల తర్వాత చూస్తే ముందు టైర్ల అరుగుదల రెండు అంచుల్లోనూ సమానంగా ఉంది. పై ఆర్ముల లోపలి బుష్‌లలోకి దుమ్ము చేరి ఒకటి కిర్రుమంటోంది, రబ్బరు బూట్లు వేశాం. బోల్టులన్నీ టార్క్ రెంచ్‌తో మళ్ళీ చూశాను, స్టీరింగ్ చెయ్యివి కదల్లేదు.

బాబాయికి ఇప్పుడు ఇంకో కోరిక పుట్టింది. కాపు దిగాక కాయల ట్రేలు ముందు డెక్ మీద పెట్టుకుని షెడ్డు దాకా తేవాలంట. ఒక్కో ట్రే దాదాపు 20 కిలోలు, నాలుగు పెడితే ముందు చక్రాల మీద లెక్కంతా మారిపోతుంది. మూడు కంటే ఎక్కువ పెట్టొద్దని ప్రస్తుతానికి చెప్పాను. వచ్చే ఆదివారం నాలుగు వెయింగ్ మెషిన్లూ తీసుకుని తోటకి వెళ్తున్నాను.